సరసమ్మ ఎనుము, పదకొండు అద్దాలు

తిరుత్తణి కొండకింద నేతవీధిలో మగ్గాలన్నీ ఒక్కసారి ఆడాయంటే పక్కనున్న మనిషి గొంతు చించుకున్నా వినబడదు. అందుకే ఆ వీధివాళ్ళకు తాతలనాటినుంచీ చేతులతో మాట్లాడుకోవడం అలవాటు. పిడికిలి నోటిదగ్గర తిప్పితే కాఫీ తెమ్మని. రెండు వేళ్ళు కొక్కెంలా తగిలించి లాగితే దారం గట్టిగానే ఉంది, ఆడించమని. అరచెయ్యి ఏటవాలుగా కిందికి చూపితే అద్దం పెట్టి చూసుకోమని.

అద్దం ఎందుకంటే, పువ్వుల బుటాలున్న చీర నేసేటప్పుడు మంచిముఖం కిందికి ఉంటుంది. నేసేవాళ్ళ కళ్ళముందు ఉండేది దారపు కొసలు తేలిన వెనుకవైపే. కింద పువ్వు సరిగ్గా పడిందో లేదో తెలియాలంటే మగ్గం కింద అద్దం పెట్టాల్సిందే. సరసమ్మ పద్దెనిమిదో ఏట మగ్గం గుంతలో కాలు దించింది. ఇప్పుడామెకు అరవై ఆరు. అన్నేళ్ళుగా తన చేతిపనిని ఆమె అద్దంలోనే చూసుకుంటోంది.

ఆమె మనవరాలు జ్యోతికకు పుట్టుకతోనే చెవులు వినబడవు. వీధంతా చేతులతో మాట్లాడేదే కాబట్టి ఆ పిల్లకు ఆ సంగతి లోటుగా తోచనే లేదు. ఇప్పుడామెకు ఎనిమిదేళ్ళు. తిరువళ్ళూరు పక్కన మణవాళనగర్‌లో ఇలాంటి పిల్లల బడి ఒకటుంటే అందులో చేర్చారు. అక్కడ అక్షరాలు నేర్చింది, లెక్కలు నేర్చింది, టీచరు మీద చాడీలు చెప్పడం కూడా నేర్చింది. అంతా బాగుందనుకుంటూ ఉండగా బడివ్యాను ఇంజను చచ్చి మూలపడింది. పొద్దుటి రైలు తొక్కిడిలో ఎనిమిదేళ్ళ పిల్లను రోజూ ఎవరు తీసుకుపోతారు? మూడునెలలు గడిచాయి. జ్యోతిక మాత్రం రోజూ యూనిఫాం వేసుకుని, సంచీ తగిలించుకుని, తిన్నెమీద కూర్చుని వీధి మొగదల చూస్తూ ఉండేది. మగ్గంలోనుంచి ఆ వీపును చూసినప్పుడల్లా సరసమ్మ చేతిలో అడ్డదారం మోసే నాడె ఆగిపోయేది.

సరసమ్మ చీరలు కొనే ధర్మలింగానికి తిరువళ్ళూరులో జవుళికొట్టు ఉంది. అక్కడి వ్యాపారుల సంఘానికి అతనే పెద్ద. నేతవాళ్ళు అతన్ని మొదలాళీ, అంటే షావుకారూ, అని పిలుస్తారు. ఆ బడికి కొత్త వ్యాను కొనిపెట్టాలని సంఘంవాళ్ళు ఒక ఎత్తు వేశారు. నిలువెత్తు ఫైబర్ జంతువులు పది తెప్పించి, వాటికి రంగులు వేయించి, నెలరోజులు నాలుగు కూడళ్ళలో నిలబెట్టి, తర్వాత వేలం వేయాలని. నెమలి, ఏనుగు, జింక, గుర్రం... మద్రాసునుంచి బొమ్మల కాలేజీ పిల్లలు వచ్చి తలా ఒకటి పంచుకున్నారు. చీరలు ఇవ్వడానికి ధర్మలింగం కొట్టుకు వెళ్ళిన సరసమ్మ గోడౌన్ మూలలో గోనెపట్టా కప్పి ఉన్నదొకటి చూసింది.

"ఇదేంది మొదలాళీ, దీనికి ముసుగేసి పెట్టినారు?"

"నందిని పంపమంటే ఎనుబోతును పంపినారక్కా. యముడి బండిని ఎవురు కొంటారు? రంగులేసే పిల్లోళ్ళు దాని పక్కకే రాలేదు."

"అయితే తొమ్మిదేనా?"

"తొమ్మిదే. తొమ్మిదికి వచ్చే దుడ్డుతో వ్యాను తిరువళ్ళూరు చుట్టుపక్కలే తిరుగుతాది. తిరుత్తణిదాకా రావాలంటే పదీ అమ్ముడుపోవాల."

సరసమ్మకు తిన్నెమీది వీపు గుర్తొచ్చింది. గోనెపట్టా లాగిపారేసింది. నేతమనిషి ఏ బట్ట చూసినా ముందు అడుగువైపు తిప్పి చూస్తుంది కదా, ఆ అలవాటుకొద్దీ మోకాళ్ళు పటుక్కుమంటున్నా వంగి కడుపుకింద తల దూర్చింది. నవ్వుకుంటూ పైకి లేచింది.

"మొదలాళీ, ఎనుబోతుకు యాడైనా పొదుగు ఉంటాదా?"

"ఏందీ?"

"వంగి చూడు. నాలుగు చన్నులూ లెక్కగా ఉండాయి. ఇది పాలిచ్చే తల్లి. దీన్ని పట్టుకుని యముడి బండి అంటావా?"

"నువ్వంటే వంగినావు. ఊరంతా వంగి చూస్తాదా? కొమ్ములు చూస్తారు, దణ్ణం పెట్టుకుని పోతారు."

"నాకియ్యి. నేనేస్తా రంగు."

"చీరనుకున్నావా అక్కా?"

"చీరకే నలభై ఎనిమిదేళ్ళు పువ్వులు పెట్టినాను, ఒక ఎనుముకు పెట్టలేనా? తొమ్మిదినాళ్ళలో వచ్చి ఎత్తుకపో."

ఎనుము, అదే ఆ గేదె, టెంపోలో నేతవీధికి వచ్చింది. సరసమ్మ మగ్గానికి సెలవిచ్చి పెరట్లో దాని ముందు కూర్చుంది. వీపుమీద రెండు రోజుల్లో గీతలు లాగేసింది. మిగిలిన వారం రోజులు చాప పరుచుకుని ఎనుము కింద వెల్లకిలా పడుకుంది. మామిడిపిందెలు, గండభేరుండాలు, అన్నపక్షులు, గోపురం అంచు, పొదుగు చుట్టూ నూటెనిమిది రేకుల తామర. తల్లి నేర్పినవి, అత్త నేర్పినవి, ఇప్పుడెవరూ అడగనందువల్ల చేతుల్లోనే ఉండిపోయినవి, అన్నీ అక్కడికి చేరాయి. తిండి కూడా జ్యోతిక కిందికే అందించింది.

తొమ్మిదోనాడు సాయంత్రం ధర్మలింగం వచ్చాడు. చుట్టూ ఒకసారి తిరిగాడు. రెండోసారి తిరిగాడు. నల్లటి వీపుమీద అడ్డదిడ్డంగా గీతలు, వేలాడే దారపు కొసల్లాంటి చారలు.

"ఏందక్కా ఇది? పిల్లి గీరినట్టుండాది! రేపు పొద్దున స్టేషన్ ముందర నిలబెట్టాల. పువ్వులు యాడ?"

"అడుగున ఉండాయి కదా."

"అడుగున ఎందుకేసినావు?"

"మంచిమొగం కిందే కదా ఉండేది..." అనబోయి సరసమ్మ సగంలో ఆగిపోయింది.

అప్పుడు తట్టింది ఆమెకు. చేతులు మగ్గంమీద పని చేసినట్టే చేసుకుపోయాయి. పైన వెనుకవైపు వేసింది, కింద మంచిముఖం పెట్టింది. చీర అయితే కోసి తిప్పుకుంటారు. ఎనుమును ఎవరు తిప్పుతారు?

ఇరుగుపొరుగు మూగారు. పక్కింటి వళ్ళియమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. "సరసక్కా, దీనికి కాళ్ళు పైకి పెట్టి పడుకోబెట్టు, సరిపోతాది!"

సరసమ్మ నవ్వలేదు. చేజేతులా పిల్ల బడిని పోగొట్టానే అని అరుగుమీద కూలబడింది. ఇంతలో జ్యోతిక ఎనుము కిందినుంచి పాక్కుంటూ వచ్చి అవ్వ ముఖం ముందు నిలబడి, అరచెయ్యి ఏటవాలుగా కిందికి చూపింది. ఒకసారి కాదు, అవ్వ తల ఎత్తేదాకా చూపింది.

సరసమ్మ లేచింది.

"వళ్ళీ, నవ్వింది చాలు. మీ మగ్గం అద్దం పట్టుకరా."

"అద్దమా? మరి నేను బుటా ఎట్ల చూసుకునేది?"

"నెలనాళ్ళు కళ్ళు మూసుకుని నెయ్యి. నీ చేతికి తెలీదా ఏంది?"

వీధిలో ఆడుతున్న మగ్గాలు పదకొండు. పదకొండు అద్దాలూ వచ్చాయి. ఒకదానికి మూల విరిగింది, ఒకదానికి పసుపు మరక, ఒకదాని వెనుక ఎవరిదో పెళ్ళిఫోటో. ఒక పలకమీద వాటిని వరుసగా బిగించి, ఎనుమును నాలుగు దిమ్మెలమీదికి ఎత్తి, పలకను కడుపుకింద తోశారు. ధర్మలింగం చూశాడు. పంచె ఎగగట్టి అటువైపునుంచి కూడా వంగి చూశాడు.

తిరువళ్ళూరు స్టేషన్ ముందు మొదటిరోజు జనం గీతల వీపు చూసి తప్పుకుపోయారు. చిన్నపిల్లలు మాత్రం ఎత్తుకి తగ్గట్టు ముందు కిందికే చూస్తారు కదా. ఒక పిల్ల అద్దంలో చూసి అమ్మను లాగింది. అమ్మ వంగింది. అమ్మ వెనుక టిఫిన్ డబ్బా పట్టుకున్న గుమాస్తా వంగాడు. వారం తిరిగేసరికి ఎనుము ముందు వరుస కట్టారు. రైలు తప్పినా సరేనని వంగి చూసి, నడుము పట్టుకుని లేచి నవ్వుకుంటూ పోయేవాళ్ళు.

వేలం కల్యాణమండపంలో జరిగింది. తొమ్మిదీ పోయాయి. నెమలికి అన్నిటికంటే పెద్ద పాట వచ్చింది. చివరికి ఎనుము వంతు వచ్చేసరికి మండపం చప్పబడింది. వంగి చూసి మురిసినవాళ్ళు కూడా ఇంటికి తీసుకుపోవాలంటే వెనక్కి తగ్గారు. "బాగుండాది, అయినా యముడిది..." అని గొణుగుడు. సరసమ్మ జ్యోతిక చెయ్యి గట్టిగా పట్టుకుంది. ధర్మలింగం సుత్తి కింద పెట్టబోయాడు.

వెనుక వరుసలో పచ్చయ్యప్ప లేచాడు. రోజూ పాలక్యానులతో స్టేషన్‌కు వచ్చే మనిషి. తెల్లపంచె, చేతిలో క్యానులు కట్టే తాడు అలాగే ఉంది.

"ఏమయ్యా, నేను నెలరోజులుగా చూస్తా ఉండా. పొదుగు ఉండాది దానికి. యముడేమన్నా పాలు పిండుకుని కాఫీ తాగుతాడా?"

మండపం గొల్లుమంది.

"నవ్వండి, నవ్వండి! పొద్దున మీరు తాగిన కాఫీ ఎవురిది? నా ఇద్దరు కూతుళ్ళను చదివించింది ఎనుము. మా పాలసంఘం తరఫున పాడుతుండా. మా వాకిట్లో నిలబెడతాం."

అంతే, మిఠాయికొట్టు ఆయన లేచాడు. "పాలు మీవైతే కోవా నాది!" అని పైకి పాడాడు. పచ్చయ్యప్ప వదలలేదు. పాలసంఘం ఆడవాళ్ళు వెనుకనుంచి "పాడు మామా, పాడు!" అని కేకలు. పాట జింకను దాటింది, ఏనుగును దాటింది, నెమలిని దాటింది. సుత్తి మూడోసారి పడినప్పుడు ఎనుము పచ్చయ్యప్ప సంఘానిదైంది. జ్యోతికకు సుత్తి చప్పుడు తెలియకపోయినా అవ్వ ముఖం చూసి అర్థమైపోయి కుర్చీమీదికి ఎక్కి గంతులేసింది.

"అక్కా, అద్దాలు కూడా మావే కదా?" అన్నాడు పచ్చయ్యప్ప.

"కొత్తవి పదకొండు కొనిచ్చి తీసుకో. మా వీధిలో ఆడోళ్ళు నెలనుంచీ నన్ను తిట్టి పోస్తుండారు."

తర్వాతి నెల మొదటి సోమవారం నేతవీధి మొగదల పసుపుపచ్చ వ్యాను తిరిగింది. జ్యోతిక తిన్నెమీదినుంచి ఒక్క దూకు దూకి ఎక్కేసింది. సరసమ్మ మగ్గం గుంతలోనుంచే మెడ చాచి చూసింది. వ్యాను కదిలేటప్పుడు కిటికీలోనుంచి జ్యోతిక రెండు వేళ్ళు కొక్కెంలా తగిలించి లాగి చూపింది. దారం గట్టిగానే ఉంది, ఆడించమని. వెనుక కిటికీల్లో ఉన్న పిల్లలందరూ దాన్ని చూసి అలాగే వేళ్ళు తగిలించి లాగారు.

సరసమ్మ కూడా వేళ్ళు తగిలించి లాగి, కొత్త అద్దంలోకి ఒకసారి వంగి చూసుకుని, నాడె విసిరింది.