చక్కెర బోనం

ఖాజాగూడ మొత్తంలో పోచమ్మకు బెల్లం లేకుండా చక్కెరతో బోనం వండిన ఆడది భాగ్యమ్మ ఒక్కతే. ఆ సంగతి ఆమె ఆడబిడ్డ సత్తెమ్మ పొద్దుటినుంచి చాటింపు వేసినట్టు చెబుతూనే ఉంది.

"తల్లికి బెల్లం బువ్వ పెట్టాలె గని, ఏంది వదినా గిట్ల? ఆమెకు కోపమొస్తె?"

"వస్తె నా మీదికే రానియ్యి," అంది భాగ్యమ్మ. వాదించే ఓపిక ఆమెకు లేదు.

ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది? మొగుడు బాలనర్సయ్య కిడ్నీలు రెండూ చేతులెత్తేశాయి. వారానికి రెండుసార్లు ఆయన్ని ఆటోలో కూర్చోబెట్టుకుని, మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల మేడ పక్కనుంచి పట్నం దవాఖానకు పోవడం, మిషను మీద నెత్తురు కడిగించి తీసుకురావడం. ఇదే బతుకైపోయింది. షుగరు జబ్బు లేదు కనక కాస్త చక్కెర ఫరవాలేదన్నాడు డాక్టరు. బెల్లం మాత్రం ముట్టొద్దట. అందులోని పొటాషియం బయటికి పోయే దారి లేక గుండెను పట్టుకుంటుందట.

నిరుడు బోనాలనాడు ఆయన దొంగచాటుగా బెల్లం బువ్వ తిన్నాడు. ఆ సాయంత్రమే గుండె తడబడి కుప్పకూలాడు. దవాఖాన వరండాలో భాగ్యమ్మ పడ్డ నరకం పగవాళ్లకు కూడా వద్దు. అప్పటినుంచి ఆ ఇంట్లోకి బెల్లం రాలేదు. పనినుంచి వచ్చాక బెల్లం ముక్క కొరకనిదే మంచినీళ్లు తాగని భాగ్యమ్మ, తనూ మానేసింది.

బోనం గుడికి పోయి వచ్చాక ఆయనకు విస్తరిలో చక్కెర బువ్వ పెట్టింది. బాలనర్సయ్య నాలుగు మెతుకులు నోట్లో వేసుకుని మొహం ముడుచుకున్నాడు.

"గిది బోనమా? గిట్ల తినుకుంట బతికి ఏం జెయ్యాలె?"

సరిగ్గా అప్పుడే సత్తెమ్మ తన ఇంటి బోనంలోంచి గిన్నెడు తెచ్చి అన్న ముందు పెట్టింది. నెయ్యి తేలుతున్న బెల్లం బువ్వ. "తల్లి ప్రసాదం వదినా. ఒక్క ముద్దకు ఏం గాదు."

బాలనర్సయ్య చెయ్యి గిన్నె వైపు సాగింది. భాగ్యమ్మ అరిచీ అరిచీ విసిగిపోయింది. చటుక్కున గిన్నె లాక్కుంది. ప్రసాదం పారబోయకూడదు, ఆయన ముందు ఉంచకూడదు. అక్కడే చతికిలబడి తినడం మొదలుపెట్టింది. ఆయన చూస్తుండగానే ముద్ద మీద ముద్ద. బెల్లం ఇంత కమ్మగా ఉంటుందన్న సంగతే ఆమె మరిచిపోయింది. కళ్లనీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

గిన్నె ఖాళీ అయ్యాక బాలనర్సయ్య మెల్లగా అడిగాడు. "ఎట్లున్నదే?"

"చప్పగున్నది," అంది భాగ్యమ్మ, మూతికంటిన బెల్లం తుడుచుకుంటూ. "నోట్ల పెట్టబుద్ధి గాలె."

ఆయన ఆమె మొహంలోకి కాసేపు చూశాడు. తర్వాత విస్తరి దగ్గరికి జరుపుకున్నాడు.

"నీకు అబద్ధమాడుడు సుత రాదు," అని చక్కెర బువ్వ ముద్ద మింగాడు. "ఇగ ఏడ్వకు. జర ఇంకింత ఎయ్యి."