శుక్రవారపు కాల్షియం

పర్వతాలు అబద్ధమాడే మనిషి కాడు. అడగకపోతే చెప్పడు, అంతే. ఆ మాటకొస్తే మూడు నెలలుగా అతన్నెవరూ అడగలేదు.

సికింద్రాబాద్ చివరనున్న ఆ ల్యాబులో అతను టెక్నీషియన్. గది నిండా ఉన్న కెపాసిటర్లకు కరెంటు ఎక్కించి, దాన్నంతా రెప్పపాటులో ఒక ఇత్తడి గొట్టంలోకి వదలడం అతని పని. లోపలున్న గ్యాసు సూర్యుడి ఒంటికన్నా వేడెక్కి, ఫటేలుమని మెరిసి, ఏమీ ఎరగనట్టు చల్లారిపోతుంది. మెట్టుగూడ నుంచి వచ్చే దేవకృప ఆ మెరుపును ఏ పదార్థానికా గీతగా విడదీసి ఫిల్ము మీద పట్టి, దాని మీద పీహెచ్‌డీ చేస్తోంది.

ఆ గీతల్లో పిలవని పేరంటానికి వచ్చినట్టు కాల్షియం దిగబడింది. దేవకృప పంపు మార్చింది, సిలిండర్ మార్చింది, గొట్టాన్ని నాలుగుసార్లు ఊడదీయించి కడిగించింది. కడిగింది పర్వతాలే. నాలుగుసార్లూ ఎంతో శ్రద్ధగా కడిగాడు.

"నెలాఖరులోగా ఇది తేలకపోతే నా ఫెలోషిప్ పోతుంది," అందామె ఒకనాడు, ఫిల్ములన్నీ బల్ల మీద పరిచి. "శనివారం చిక్కగా ఉంటోంది, గురువారానికి పలచబడుతోంది. శుక్రవారం ఇక్కడేం జరుగుతోంది పర్వతాలు గారూ?"

అడిగేసింది. ఇక తప్పదు.

"కుంకుమ మేడమ్. లోపల ఎలక్ట్రోడ్‌కు బొట్టు పెడుతున్న."

"లోపలా?"

"బయట పెడితే ఏం ఫాయిదా? కీడు లోపలనే ఉన్నది గదా. నాతోని ఈడనే పనిచేసిన వీరయ్య చెయ్యి తిన్నది గిదే మిషన్. మీరేమో రోజూ దాని పక్కనే నిలబడతరు. నాకు భయమైతది మేడమ్."

కుంకుమంటే పసుపూ సున్నమూ. సున్నమంటే కాల్షియం. దేవకృప స్టూలు మీద కూలబడింది. ఆమె కళ్లలో నీళ్లు చూసి పర్వతాలు ప్రాణం చివుక్కుమంది. పెద్దసారుకు తెలిస్తే తన ఉద్యోగమూ ఊడుతుందని అప్పుడు గుర్తొచ్చింది.

మర్నాడు పెద్దసారు రామభద్రరావు రానే వచ్చాడు. "కాల్షియం సంగతి తేలిందా అమ్మా?"

పర్వతాలు స్పానర్ పట్టుకుని నేల చూపులు చూశాడు.

"తేలింది సార్. మేమే వేస్తున్నాం," అంది దేవకృప. "కాల్షియం గీతల్లో ఏది ఎంత బలంగా ఉందో చూసి లోపలి వేడి లెక్కగట్టొచ్చు. మూడు నెలల ఫిల్ములూ పనికొస్తాయి."

"ఎవరి ఆలోచన?"

"పర్వతాలు గారిది."

రామభద్రరావు పర్వతాలును ఎగాదిగా చూసి, "శభాష్," అని వెళ్లిపోయాడు.

ఇప్పుడు బొట్టు శుక్రవారం ఒక్కటే కాదు, రోజూ. త్రాసులో తూచి రెండు మిల్లీగ్రాములు. పుట్టి బుద్ధెరిగాక నుదుట బొట్టెరగని దేవకృప గడప దగ్గరే ఆగి, "బొట్టు పెట్టారా?" అంటుంది. "పెట్టిన మేడమ్," అన్నాకే లోపలికి అడుగేస్తుంది.

వేడి కొలవడానికేనా, లేక ఆమెకూ భయమేనా అని పర్వతాలు ఎన్నడూ అడగలేదు. అడగకపోతే ఆమె కూడా చెప్పదు.