పిల్లి వదిలేసిన నిప్పట్టు

పుంగనూరు సంతలో చేపలమ్మే రహీమా, కోసినాక పారేసే ముళ్లను ఉడికించి, ఎండబెట్టి, మైదాలా మెత్తగా పొడి కొట్టింది. ఆ పొడిని బియ్యప్పిండిలో కలిపి నూనెలో నిప్పట్లు కాల్చింది. నీసు వాసన వస్తే ఎవరు కొంటారన్నదే ఆమె దిగులు. అందుకే ఒక నిప్పట్టు గడప దగ్గర పెట్టి పిల్లి కోసం కాచుకుంది. పిల్లి వచ్చింది, వాసన చూసి, మూతి కూడా ఆనించకుండా పోయింది.

రహీమా ఊపిరి పీల్చుకునేలోపే పక్కింటి జయమ్మ వచ్చి, పళ్లెంలోది ఒకటి తీసి కరకరా నమిలేసింది.

“శానా బాగుండాయమ్మా. శనివారం ఒక్కపొద్దుండాను, ఇంకో రెండియ్. పలారానికయితాయి.”

ఒక్కపొద్దు నాడు జయమ్మ నీసు ముట్టదు. పిల్లికే పట్టుబడని ముల్లు జయమ్మ నాలుకకేం తెలుస్తుంది? తాను నోరు విప్పకపోతే ఆమెకు ఎన్నటికీ తెలియదు. రహీమాను భయపెట్టింది అదే.