ఎనిమిదో మెట్టు

నాకు నోరెక్కువ. ఈ మాట నేను చెప్పుడెందుకు, అఫ్జల్‌గంజ్‌ల మా వర్క్‌షాప్‌కు కాళ్లు చేపిచ్చుకునేటందుకు వచ్చినోళ్లను ఎవర్నడిగినా చెప్తరు. వైకుంఠం చెయ్యి మంచిది గని నోరు మంచిది కాదంటరు. ఇరవై రెండేండ్ల సంది పెట్టుడు కాళ్లు చేస్తున్న. మోకాలు కింద తెగినోళ్లు, మోకాలు మీద తెగినోళ్లు, అందర్నీ ఒక్క తీరుగనే తిడ్త.

అన్నిటికన్న ఎక్కువ తిట్టేది చెప్పుల కాడ. మేం కాలు బిగిచ్చేటప్పుడు మనిషి ఏ బూటేసుకుంటడో, దాని మడిమె ఎంత ఎత్తున్నదో చూసి, దానికి సరిపోయేటట్టు కాలును నిలబెడ్తం. ఆ బూటు ఇడిస్తే మడిమె కిందికి దిగుతది, కాలు మొత్తం ఎనుకకు ఒరుగుతది. అర అంగుళమే గద అంటరు. అర అంగుళానికే మనిషి పడ్తడు. సంతోష్‌నగర్‌ల సోమయ్య అని ఒకాయన, బిడ్డ పెండ్లికి కొత్త బూట్లు కొనుక్కోని, నాకు చెప్పకుంట ఏసుకోని, ఫంక్షన్ హాల్ మెట్ల మీద బోర్ల పడ్డడు. "దిమాక్ ఉన్నదా నీకు? బూటు మారిస్తే నా దగ్గరికి రమ్మని చెప్పిన్నా లేదా?" అని నేనొర్రిన ఒర్రుడుకు పాపం ఆయన పెండ్లాం ఏడ్చింది.

గసోంటి నేను, నా సొంత చెల్లెకు ఏం చేసిన్నో చెప్త.

మా చెల్లె పేరు బేబీ. నలభై ఏండ్లొచ్చినా బేబీనే. సిటీ బస్సుల కండక్టర్. పద్నాలుగేండ్లు టికెట్లు కొట్టింది, ఫుట్‌బోర్డ్ మీద ఏలాడే పోరగాండ్లను ఒక్క చూపుతోని లోపలికి నూకేది. పోయిన చలికాలం బస్సు ఎనుక నిలబడి డ్రైవర్‌కు రివర్స్ చెప్తుంటే నీళ్ల ట్యాంకరొకటి వచ్చి గుద్దింది. కుడికాలు తొడ సగం దాంక తీసేసిండ్రు.

సరిగ్గ అంతకు రెండు వారాల ముందే మా అమ్మకు పక్షవాతం వచ్చింది. అమ్మ పేరు ఆగమ్మ. శాలిబండల మా ఇంట్లనే, నా దగ్గరనే ఉంటది. కింద టైలర్ చాచా దుకాణం, మీద మేము. మెట్లు పందొమ్మిది. ఇద్దరు ఎదురువడితే ఒకలు గోడకు అతుక్కోవాలె, అంత ఇరుకు. మెట్లు ఎక్కంగనే అమ్మ మంచం. కండ్లు దాదాపు పోయినయి గని చెవులు మాత్రం పోలె. మెట్ల మీద ఎవలొస్తున్నరో సప్పుడును బట్టి చెప్తది. నేనా, నా పెండ్లాం ఆండాలా, పాలాయనా, ఎవలైనా సరే.

బేబీకి కాలు తీసేసిన ముచ్చట అమ్మకు చెప్పలె. చెప్తే పానం పోతదని భయం. "కాలిరిగింది, రాడ్డేసిండ్రు" అని చెప్పినం. రోజూ ఫోన్‌ల అమ్మ ఒక్కటే అడుగుడు, "ఎప్పుడొస్తవు బిడ్డా?" అని. ఇది "వస్తనమ్మా, జర ఆగు" అనుడు. నాలుగు నెలలు గిట్లనే గడిసింది. డాక్టర్ నాకు చాటుకు చెప్పిండు, అమ్మకు ఎక్కువ దినాలు లెవ్వు, గుండె కూడ బలం లేదని.

అమ్మను దుప్పట్ల ఏసుకోని కిందికి దించుదామంటే, "నన్ను కిందికి దించేది ఒక్కపారే, అదిప్పుడు కాదు" అన్నది. బేబీనన్న ఎత్తుకోని మీదికి తీస్కపోతనంటే అది మొఖం మీదనే అన్నది, "నలుగురి చేతుల మీద పోతే అమ్మకు సమజ్ కాదా? నా కాళ్ల మీద ఎక్కుత. రెండు కాళ్లతోని, సక్కగ." సక్కగ అంటే ఏంది? మామూలు పెట్టుడు కాలుతోని ఒక్కో మెట్టుకు రెండు కాళ్లూ ఆనిచ్చి, ఈడ్చుకుంట ఎక్కాలె. ఆ సప్పుడు అమ్మ చెవుల పడ్డదంటే ఖతం.

గప్పుడే ఆ మోటరు మోకాలు వచ్చింది. ఒక కంపెనీ వాళ్లు మా దగ్గర ఆరుగురికి పెట్టి చూస్తమన్నరు. సోమశేఖర్ అని ఇంజనీర్, పిల్లగాడే గని తెలివైనోడు. నేను బతిమిలాడి బేబీ పేరు రాపిచ్చిన. ఎవ్వలినీ బతిమిలాడనోన్ని, వాని బండి దాంక పోయి చేతులు పట్టుకున్న.

ఆ మోకాలు ముచ్చట ఏందంటే, మెట్టు కాడ నిలబడి తొడను జర్రంత ఎనుకకు గుంజి ముందటికి లేపాలె. అప్పుడు దానికి తెలుస్తది, ఇది మెట్టని. దానంతట అదే మడుస్తది. పాదం మెట్టు మీద పెట్టి బరువు ఆనిస్తే మోటరు మెల్లగ మనిషిని మీదికి లేపుతది. ఎంత మడవాలె, ఎప్పుడు లేపాలె, ఎంతసేపు గట్టిగ పట్టుకోవాలె, అన్నీ ఫోన్‌ల నేను సరిచేయాలె. కాలు ఎంత ఒరిగింది, బరువెంత పడ్డది, ఈ రెండు చూసే అది నిర్ణయం తీసుకుంటది. మెట్టెక్కుతున్నదా, నడుస్తున్నదా, కూసుంటున్నదా అని.

వర్క్‌షాప్‌ల ప్రాక్టీస్ మెట్లు నాలుగు, అన్నీ ఒక్క ఎత్తు. మా ఇంటి మెట్లు గట్ల కాదు. మా నాయిన చేతికొచ్చినట్టు కట్టిపిచ్చిండు. నేను టేపు వట్టుకోని పందొమ్మిదీ కొలిసిన. ఒకటి ఏడు అంగుళాలు, ఒకటి ఏడున్నర. మలుపు కాడ ఎనిమిదోది తొమ్మిదంగుళాలు. ఆ మలుపుల గోడకు ఎల్లమ్మ తల్లి గూడు, దీపం. వర్క్‌షాప్ ఎనుక పలకలతోని అచ్చం గసోంటి మెట్లే కట్టిన. ఆరు వారాలు బేబీ వాటి మీద ఎక్కింది, దిగింది. చెమటలు కారేది, తొడ పుండైంది, అయినా ఆగలె. "కానియ్యి అన్నా, ఇంకోపారి" అనేది. నేనేమో "తొడ గుంజు! నిద్రపోతున్నవా?" అని ఒర్రుడు. తెల్లటి స్పోర్ట్స్ బూట్లు, ఎప్పుడూ అవే. ఆఖరి వారం టక్, టక్ అని ఒక్క తీరు సప్పుడుతోని ఎక్కింది. నేను కండ్లు మూసుకోని ఇన్న. ఏ కాలు ఏదో నాకే తెల్వలె. సంబరంతోని దాని నెత్తి మీద మొట్టిన.

ఆదివారం పొద్దుగాల పది గంటలకు ఆటోల వచ్చింది. పచ్చ చీర, కింద తెల్ల బూట్లు. నడుముకు పట్టీ కడ్తనన్న, ఎనుక నుంచి పట్టుకునేటందుకు. "అమ్మ నడుం తడుముతది అన్నా, వద్దు" అన్నది. సరే అన్న. నా ఎడమ చేతుల ఫోన్, అండ్ల మోకాలు లెక్కలు నడుస్తున్నయి. మీద ఆండాలు అమ్మకు దువ్వెన పెడ్తున్నది.

మొదటి మెట్టు కాడ బేబీ ఆగింది. కిందికి బూట్లు చూసుకున్నది.

"అన్నా, ఇడువొచ్చా?" అన్నది.

అడిగింది. నన్నడిగింది. అది నా పని, నా ఇరవై రెండేండ్ల పని. గని ఆ నిమిషం నేను అఫ్జల్‌గంజ్‌ల లేను, మా ఇంటి మెట్ల కాడున్న. చిన్నప్పటి సంది చెప్పులతోని మొదటి మెట్టెక్కితే మీదికెళ్లి అమ్మ ఇసిరిన చీపురుకట్ట వచ్చి పడేది. అందుకే నా నోట్లకెళ్లి ఎప్పటికీ వచ్చే మాటే వచ్చింది. "మరి ఇడువవా? తల్లి గూడున్నది ఆడ. బూట్లేస్కోని ఎక్కుతవా, సిగ్గులేకుంట? ఇడువు, ఇడువు!" అని గట్టిగనే అన్న.

అది నవ్వింది. నా భుజం పట్టుకోని ఎడమ బూటు ఇడిసింది. కుడి బూటు నేనే వంగి ఊడదీసిన. నా చేతులతోనే.

ఒకటి, రెండు, మూడు. మంచిగనే ఎక్కింది. ఫోన్‌ల కాలు ఒరుగుడు చూపిచ్చే పచ్చగీత జర పక్కకు జరుగుతనే ఉన్నది, చూసిన. కొత్త మెట్లు గద అనుకున్న. మీదికెళ్లి అమ్మ గొంతు వచ్చింది, "ఎవరూ, బేబీయా? నా బిడ్డేనా?"

"నేనే అమ్మా! వస్తున్న!"

ఎనిమిదో మెట్టు మీద కుడికాలు పెట్టింది. బరువు ఆనిచ్చింది. లేపాల్సిన మోకాలు లేపలె. మెల్లగ, మర్యాదగ మడుసుకుంట పోయింది. కుర్చీల కూసునేటప్పుడు ఎట్ల మడుస్తదో గట్ల. బేబీ చెయ్యి గోడను గీరింది. పట్టుకునేటందుకు ఏం లేదు. నేను ఒక్క చేత్తోని పట్టుకున్న, చీర కొంగు దొరికింది, మనిషి దొరకలె. నన్ను గుద్దుకోని, నన్ను దాటి, ఏడు మెట్లు దొర్లి కింద పడ్డది.

పోయి చూస్తే ఎడమ తొడ తిరగరాని దిక్కు తిరిగున్నది. మంచి కాలు. ఉన్న ఒక్క కాలు.

"ఏందది? ఎవలు పడ్డరు?" మీద అమ్మ మొత్తుకుంటున్నది. "బేబీ! బిడ్డా!"

బేబీ పండ్లు కొరుక్కోని, నేల మీద పన్నకాడికెళ్లే ఒర్రింది, "ఏం లేదమ్మా! బిందె పడ్డది, నీళ్ల బిందె! అన్న చేతులకెళ్లి జారింది!" గా మాట మామూలు గొంతుతోనే అన్నది. తర్వాత నా అంగి కొస నోట్ల కుక్కుకున్నది. టైలర్ చాచా ఉరికొచ్చి "యా అల్లా" అనుకుంట నేల మీద కూసున్నడు.

దవాఖానల తొడకు ఆపరేషన్ చేసిండ్రు. మూడో దినం ఇంజనీర్ సోమశేఖర్ ల్యాప్‌టాప్ పట్టుకోని వచ్చిండు. మోకాలుల ఉన్న లెక్కలన్నీ తీసిండట. "వైకుంఠం గారు, మొదటి మెట్టు నుంచే కాలు ఆరు డిగ్రీలు వెనక్కి చూపిస్తోంది. ఎనిమిదో మెట్టు ఎత్తు కదా, అక్కడ మోకాలు ఆవిడ కూర్చుంటోందనుకుంది. ఆ రోజు షూస్ ఏమైనా మార్చారా?"

ఆరు డిగ్రీలు అనంగనే నాకు మొత్తం సమజైంది. ముందుగాల తెల్ల బూట్లు కండ్ల ముందర కనవడ్డయి. తర్వాత బూటు మార్చి పడ్డ సోమయ్య, ఆయన పెండ్లాం ఏడుపు యాదికొచ్చింది. నోరు తెర్సిన. "లేదు సార్" అన్న. నోరెక్కువైనోని నోట్లకెళ్లి వచ్చిన మాట అదే.

మంచం మీదికెళ్లి బేబీ అన్నది, "మార్చలే సార్, ఇడిసిన. నేనే ఇడిసిన. అన్న వద్దు వద్దని ఒర్రిండు. నేనే ఇనలె. తప్పు నాదే అని రాసుకోండ్రి."

సోమశేఖర్ నా దిక్కు చూసిండు, దాని దిక్కు చూసిండు. రాసుకున్నడు. మోకాలు డబ్బాల పెట్టుకోని తీస్కపోయిండు. బేబీ జర నీళ్లియ్యమన్నది. ఇచ్చిన. దాని మొఖం చూడకుంట వంచితే సగం నీళ్లు మెడ మీద పడ్డయి. దుప్పటి కొసతోని తుడ్సుకున్నది. ఒక్క తిట్టు తిట్టినా బతికేటోన్ని. సిగ్గుతోని ఆడనే సచ్చిన నేను.

ఆ రాత్రి ఇంటికొస్తే అమ్మ మెలకువతోనే ఉన్నది. బేబీ ఎందుకు రాలేదని అడుగుతదనుకున్న, అడగలె.

"బిందె పడితే నీళ్లు కారాలె గదరా" అన్నది. "నీళ్ల సప్పుడు రాలె."

అమ్మ కాళ్ల కాడ కూసున్న.

"నువ్వు దానితోని చెప్పులిడిపిచ్చినవు గద, ఇన్న" అన్నది మల్ల. "తల్లి గూడున్నదని యాదికుంచుకున్నవు. మంచిగ చేసినవు కొడుకా."

గదే ఆఖరు నాతోని సక్కగ మాట్లాడుడు. బేబీ పడ్డ తొమ్మిదో దినం పొద్దుగాల అమ్మ పోయింది.

దవాఖానోళ్లతోని కొట్లాడి బేబీని చక్రాల కుర్చీల తెచ్చిన. మెట్ల కింద, చాచా దుకాణం ముంగట కూసోపెట్టినం. అమ్మను దుప్పట్ల ఏసి నలుగురం కిందికి దించినం. తల దిక్కు నేనే పట్టుకున్న. ఎనిమిదో మెట్టు కాడ మలుపు తిరగక ఆగినం. ఎల్లమ్మ తల్లి దీపం ఆరిపోయున్నది, ఎవలూ ముట్టియ్యలె. కింద చాప మీద పండబెట్టినం. బేబీ కుర్చీలకెళ్లి వంగి అమ్మ మొఖం మీద చెయ్యి పెట్టి తడిమింది. నొసలు, ముక్కు, గదుమ. అమ్మ దాన్ని తడమాల్సిన తీరుగ.

కట్టెలోళ్లు వచ్చిండ్రని నన్ను పిలిస్తే చెప్పులేసుకోని గల్లీ మొగదాంక పోయి మాట్లాడొచ్చిన. వచ్చినోన్ని వచ్చినట్టే అమ్మ దగ్గరికి నడిసిన. బేబీ నా కాళ్ల దిక్కు చూసింది. పడ్డ దినం సంది మొదటిపారి సక్కగ నా కండ్లల్లకు చూసింది.

"చెప్పులిడువన్నా" అన్నది. "అమ్మున్నది."

ఇడిసిన.