తాయారు చదువు అప్పు

పెరట్లో బూడిదతో చేపలు తోముతూ పైడితల్లి కోడలితో అంది: "మావోడికి ఓవర్‌టైమ్ ఇలాగే వొత్తే ఉగాదికల్లా నీ అప్పు తీరిపోద్ది. ఆపైన నువ్వు ఇంటికాడే ఉంటావు. నాను కాస్త నడుం వాల్సుకుంటాను."

ఆ గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. అందుకే క్యారేజీ సర్దుకుంటున్న తాయారు చెయ్యి ఆగిపోయింది.

తగరపువలస దగ్గర కౌలురైతు కూతురు ఆమె. బ్యాంకు అప్పుతో ఫార్మసీ చదివి, పెద్దాసుపత్రి మందుల గదిలో ఉద్యోగం తెచ్చుకుంది. పోర్టులో క్రేన్ నడిపే గురునాథరావు పెళ్ళిచూపుల్లోనే చెప్పాడు: "అప్పు తీరేదాకా ఉజ్జోగం సేసుకో, నాను కాదనను." అప్పుడు తాయారుకి 'కాదనను' ఒక్కటే వినిపించింది. 'తీరేదాకా' అన్నది చెవిన పడలేదు.

పెళ్ళైన రెండో ఏటినుంచి అతను వాయిదాలకు పైన డబ్బు ఇవ్వడం మొదలుపెట్టాడు. "అసల్లో వేసెయ్, వడ్డీ తగ్గిపోద్ది." ఎంత మంచివాడో అని ఆసుపత్రిలో అందరికీ చెప్పుకుంది. తానూ ఆదివారాలు డ్యూటీ చేసింది, తెగిన చెప్పులు కుట్టించుకుని తొడుక్కుంది. డబుల్ షిఫ్టు చేసి వచ్చిన రోజున అతను కాళ్ళు చాపేవాడు. "సదివింది నువ్వు, మోసేది నాను." పొద్దున్నుంచీ నిలబడ్డ తన కాళ్ళ సంగతి మరిచి, అతని కాళ్ళు పట్టేది.

అప్పు తీరాక ఉద్యోగం మానెయ్యాలా అని ఆ సాయంత్రం భర్తని అడిగింది. అతను నవ్వాడు.

"మరేటనుకున్నావు? అప్పుందని పంపించేను. నేకపోతే మన ఇళ్ళల్లో ఆడది జీతానికెళ్తాదేటి?"

"నాకక్కడ పనుంది కదండీ."

"ఇంట్లో నేదేటి?"

ఇంట్లో ఉంది. ఆమె లేవకముందే ఉంటుంది, పడుకున్నాకా మిగిలే ఉంటుంది. కాని ఆ పనికి ఆమె పేరుతో అవసరం లేదు, ఇంట్లో 'ఏమే' అంటే సరిపోతుంది. మందుల గది కిటికీ దగ్గర జాలరిపేట ముసలమ్మలు "తాయారమ్మా, ఈ బిళ్ళ కూడు ముందరా, ఎనకాలా?" అని అడిగి, ఆమె చెప్పింది విని, నమ్మి వెళ్ళేవారు. ఆ తాయారమ్మ ఉగాది తర్వాత ఉండదన్నమాట! కట్టిన ప్రతి పైసాతో తనను తానే వాకిట్లోంచి వంటింట్లోకి నెట్టుకుందన్నమాట! ఆనాటినుంచీ బస్సు కిటికీలోంచి సముద్రంలో బారులు తీరిన ఓడలు కనిపిస్తే దిగులు పుట్టేది. ఓడ వస్తే ఓవర్‌టైమ్ వస్తుంది. ఒక్క ఓడా రాకూడదని దేవుణ్ణి అడిగిన రోజులున్నాయి.

ఓడలు వచ్చాయి, బోనసూ వచ్చింది. మిగిలిన బాకీకి సరిపడా నోట్లు చేతిలో పెట్టి, "రేపే కట్టేసిరా. వొచ్చే నెల మానేత్తానని ఆసుపత్రిలో కూడా సెప్పీ," అన్నాడు గురునాథరావు.

వన్ టౌన్ బ్యాంకులో గుమాస్తా మెచ్చుకోలుగా చూశాడు. "మొత్తం కట్టేస్తారా అమ్మా?"

"లేదండీ. ఈ నెల వాయిదా ఒక్కటే," అని తన జీతంలోంచి తీసి ఇచ్చింది.

బయటికొచ్చాక గెలిచినట్టేమీ అనిపించలేదు. బయటికెళ్ళి పనిచేసుకోవడానికి ఒక మనిషి అప్పులో ఉండాల్సి రావడం ఏమిటని, ఆ ఇరుకు సందులో, జనం మధ్య, ఏడుపొచ్చింది. బ్యాంకు గడువు అయ్యాక ఏం చెప్పాలో తెలియదు. అసలు ఈ రాత్రికే ఏమవుతుందో తెలియదు.

ఇంటికొచ్చి, టీ తాగుతున్న భర్త పక్కన అతని నోట్లు తిరిగి పెట్టింది.

"ఏటిది? కట్టనేదా?"

"నా వాయిదా కట్టేను. ఇవి మీవి."

"మతిపోయిందేటి? ఎంత వడ్డీ అవుద్దో తెల్సా?"

పెరట్లో పైడితల్లి చేతిలో పని ఆగిపోయింది. తాయారు మాట తడబడలేదు.

"తెల్సు. నానే కట్టుకుంటాను. బ్యాంకోళ్ళ గడువు ఇంకా ఆరేళ్ళుంది. నాకు తొందర నేదు."