పేరు పెట్టి చెప్పింది

పెనం మీద జొన్నరొట్టె తిప్పుతుంటే హాల్లోంచి రక్షిత గొంతు వినిపించింది. మా ఆయన నగేష్ ఆమె వీడియో మళ్ళీ పెట్టాడు. చెరువు నిండి అలుగు పారుతోందని, వరద నీళ్ళు పోయే నాలా వైపు వెళ్ళొద్దని మున్సిపాలిటీ తరఫున చెబుతోంది.

"ఎంత మంచిగ చెప్తాంది సూడు," అన్నాడు.

"ముఖంల కళ ఉన్నది పిల్లకు," అంది మా అత్త లక్ష్మీకాంతమ్మ, రొట్టె కోసం పళ్ళెం చాపుతూ.

ఆ మాటలన్నీ నేను రాసినవి. మేడ్చల్ ఆఫీసులో వానల హెచ్చరికలు రాయడమే నా ఉద్యోగం. ఇంట్లో ఇద్దరికీ తెలుసు, గుర్తుండదు. మొదట్లో వీడియోలో నేనే చదివితే, "వరదొస్తదన్నట్టు లేదు, ఇంట్ల బియ్యం అయిపోయినయన్నట్టున్నది," అని నగేష్ నవ్వాడు. అప్పటినుంచి రాయడం నాది, కనిపించడం ఆమెది. వీడియోకి ముందు ఆమె జుట్టు సర్దుకుంటే అద్దం పట్టుకుని నిలబడేది నేను. ఆమె చెవులకున్న జుంకాలు చూసినా నాకు కడుపుమంటే.

బయల్దేరుతుంటే నగేష్ అన్నాడు: "ఇయ్యాల పూర్ణకమల్ పేరు పెట్టకు. లోతట్టు ప్రాంతాలని రాయి, సాలు. ఇంక ప్లాట్లు అమ్ముడువోలే."

నాలా పక్కనున్న ఆ వెంచర్ ఆయనదే. చాలా కుటుంబాలు అప్పటికే ఇళ్ళు కట్టుకుని ఉంటున్నాయి. ఆఫీసుకెళ్ళి లోతట్టు ప్రాంతాలనే రాశాను.

రక్షిత అది చదివి ఆగింది. "అక్కా, లోతట్టంటే ఎవలిల్లు? అందరు పక్కోళ్ళదనుకుంటరు. పేరు పెడదాం."

అంతలో ఆమె ఫోన్ మోగింది. నగేషే. నా మీద నమ్మకం లేక ఆమెకూ చేశాడు. ఆమె స్పీకర్‌లో పెట్టింది. ఇంట్లో నేనెప్పుడూ వినని మెత్తటి గొంతుతో, పేరు పెట్టొద్దని ఆమెనూ అడిగాడు.

"లేదన్నా, పేరు చెప్త," అని పెట్టేసి మంచినీళ్ళు తాగింది. అంతే.

ఆమె గొంతు మీద, ముఖం మీద ఇంతకాలం నేను ఏడ్చిన ఏడుపు దీని ముందు ఎంత! పెళ్ళయినప్పటి నుంచీ నేను మింగుతూ వచ్చిన 'లేదు' అనే మాటను అంత తేలిగ్గా అనేసింది. ఆయనకు ఆ మాట మొదట చెప్పాల్సింది నేను కదా. ఒళ్ళంతా మండిపోయింది.

"వీడియో నువ్వు చెయ్యి. మైకు ఆటోల నేను పోత," అన్నాను.

వానలోనే పూర్ణకమల్ సందులన్నీ తిరిగాను. "పూర్ణకమల్ వాళ్ళు వినుండ్రి! నాలా నీళ్ళు మీ ఇండ్లల్లకొస్తయి. పిల్లలను, ముసలోళ్ళను తీస్కొని జల్దీ ఫంక్షన్ హాలుకు పోండ్రి."

శంకరమ్మ అనే పెద్దావిడ గేటు దగ్గరికొచ్చింది. "నిజంగనా బిడ్డా? గిక్కడ నీళ్ళు రావని నమ్మిచ్చి అమ్మిండ్రు."

"అమ్మింది మా ఆయనే. వస్తయని నేను చెప్తున్న. పోండ్రి."

ఆమె నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి, లోపలికెళ్ళి మనవరాలిని ఎత్తుకొచ్చింది. ఆమెను చూసి మిగతా గేట్లూ తెరుచుకున్నాయి.

చీకటి పడకముందే మొదటి సందులోకి నీళ్ళొచ్చాయి. ఇళ్ళల్లో ఎవరూ లేరు. అప్పుడు నగేష్ ఫోన్ చేశాడు.

"ఆ రక్షిత ఎక్కిచ్చిందా? దాని మాట పట్టుకొని నా కొంప ముంచుతవా?"

నేను చేసిన దీన్ని కూడా ఆమెకే ఇచ్చేస్తున్నాడు!

"రక్షిత కాదు," అన్నాను. "పేరు పెట్టి చెప్పింది నేను. రేపు గూడ నేనే చెప్త."