గజంన్నర ఎర్ర గుడ్డ

పెట్టెలోంచి ఎర్ర గుడ్డ తీసి మడత విప్పింది వసంతలక్ష్మి. మూడు గజాల గుడ్డలో సగం లేదు.

టేపు పెట్టి కొలిచింది. మళ్లీ కొలిచింది. గజంన్నర. అంతే. మడతల మధ్య వేసిన వేపాకు చెదరలేదు. పక్కనున్న పట్టుచీరను ఎవరూ ముట్టలేదు. తాళంచెవి ఎప్పటిలాగే గోడ మేకుకు వేలాడుతోంది. దొంగ ఎవరో గానీ ఈ గుడ్డ కోసమే వచ్చాడు. ఇందులోనూ సగమే తీసుకున్నాడు.

పోతే పోయిందని కొత్తది తెచ్చుకునే గుడ్డ కాదది. తండ్రి పరమేశ్వర్ తన మగ్గం మీద నేసిన ఆఖరి గుడ్డ. ఎరుపు మీద ఆవపువ్వు రంగు అంచు. ఏడేళ్ల కిందట, ఆడబిడ్డకు పుట్టింటివాళ్లు పోసే ఒడిబియ్యం నాడు, ఆమె ఒళ్లో పెట్టాడు. మర్నాడే మగ్గం విప్పేసి దాని కింది గుంట పూడ్చేశాడు. ఆ పూడ్చిన గుంట మీదే ఇప్పుడు వసంత కుట్టుమిషన్ నడుస్తోంది.

ఇన్నేళ్లూ కత్తెర తగలనీయకుండా దాచిన గుడ్డను ఈ బుధవారం ఎందుకు తీసిందంటే, ఆదివారం చెల్లెలు భాగ్యలక్ష్మి వస్తానంది. ఏడేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని. ఆ పిల్లకు గౌను కుట్టాలి.

గొర్లు కాసే ఇంటి నాగేందర్‌ను పెళ్లి చేసుకుని భాగ్య గడప దాటి తొమ్మిదేళ్లు. ఆ రోజే పరమేశ్వర్ నడివాకిట్లో నిలబడి, "దాని పేరెత్తినోళ్లు నా శవం జూస్తరు" అన్నాడు. అన్నవాడు అన్నట్టే ఉన్నాడు. అక్కాచెల్లెళ్లు ఫోనులో దొంగతనంగా మాట్లాడుకోవాల్సి వచ్చింది. చెల్లెలి నంబరును వసంత 'మిషన్ మెకానిక్' అని దాచుకుంది.

"మన ఆత్మకూర్ బస్టాండ్ల నిలవడి నిన్ను చూసినా సాలు అక్కా," అంది భాగ్య చివరిసారి మాట్లాడినప్పుడు. "పిల్లకు అమ్మ పేరే పెట్టిన గద, రాజమణి అని. ఇగ అమ్మ కాగితాలున్నయా? నా బుట్టచేతుల గౌనుది?"

ఉన్నాయి. తల్లి రాజమణి పోయి పన్నెండేళ్లయినా, ఆమె సిమెంటు సంచి కాగితం మీద గీసి కత్తిరించిన కొలతలన్నీ రేకు డబ్బాలో చుట్టచుట్టి ఉన్నాయి. ఒక్కో కాగితం మీద పెన్సిలుతో పేరు, వయసు. 'భాగ్య, ఏడేండ్లు' అన్న కాగితాలు నాలుగు. ఒకటి ఒళ్లు, ఒకటి పావడ, రెండు చేతులు.

ఆ మాటల తర్వాత భాగ్య ఫోను మూగబోయింది. వారం దాటింది. ఎప్పుడు చేసినా స్విచాఫే. ఫోను పాడై ఉంటుంది, ఆదివారానికి ఎలాగూ వస్తుంది అని వసంత తనకు తానే చెప్పుకుంటోంది. ఆ చెప్పుకోవడంలో రోజురోజుకూ బలం తగ్గుతోంది. ఇప్పుడు ఈ గుడ్డ.

పొరుగింటి మారెమ్మ జాకెటు కోసం వచ్చింది. వసంత ఉండబట్టలేక అడిగేసింది.

"అత్తా, గీ నడుమ మా పెట్టె దిక్కు ఎవరన్న వచ్చిండ్రా?"

"ఓ యమ్మ! నెల సంది నా జాకెటు నీ కాడ పండవెట్టుకుంటివి. నేనడగాలె దొంగలెవరని!" మారెమ్మ గడప మీద కూలబడింది. "మీ ఆయన బట్టల దుకాన్లనే పనిజేస్తడు గద, గాయన్నడుగు. లేకుంటె మీ నాయిన్నడుగు. ముసలాయనకు ఈ నడుమ జర తిక్క లేసినట్టున్నది."

"మా నాయినకేమైంది?"

"గా సోమారం కండ్ల దవాఖానకని పాలమూరు పోయిండు సూడు. పొద్దుగూకంగ వచ్చి, ఇంట్లకు రాకుంట, నల్ల కాడ అంగి ధోతితోనే తానం జేస్తుండె. ఏందే, కండ్లకు మందు పోస్తరా, ఒంటికి పోస్తరా అన్న. నీళ్లు గారుకుంట ఇంట్లకు వోయిండు."

వసంత నవ్వలేదు. ఆ సాయంత్రం తండ్రి తడిబట్టలతో ఇంట్లోకి వచ్చింది ఆమెకూ గుర్తుంది. బస్సు దుమ్ము అనుకుంది.

మారెమ్మ పోయాక భర్త అశోక్‌కుమార్‌కు ఫోను చేసింది.

"నేనా? నాకెందుకే ఆడోళ్ల గుడ్డ?" అవతల దుకాణం రద్దీలో అతని గొంతు నవ్వింది. "అయినా మా దుకాన్ల కోసుడెక్కడిది! కొసకు గాటు వెట్టి చర్రున చింపుడే. అంచు జూడు, పీసులు పీసులుగుంటె నన్ను పట్టుకో."

ఎవరు తీసినా గౌను ఆగకూడదు. గుడ్డ పరిచి తల్లి కాగితాలు పేర్చింది వసంత. పావడ ముడుతలు తగ్గించుకుంటే వచ్చేట్టుంది, అదీ అటు వేలెడు ఇటు వేలెడు కూడా మిగలకుండా. పావడ కోసింది. ఒళ్లు కోసింది. చేతుల కాగితాన్ని చివరికి జరిపి, దొంగ కోసిన ఆ అంచుకు ఆనించింది.

అప్పుడు చూసింది.

భర్త చెప్పిన పీసులు లేవు. కత్తెర ఎంత మంచిదైనా, చెయ్యి ఎంత తిరిగినదైనా, అడ్డంగా అంత దూరం కోసుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట గింజంత వంకర పడుతుంది. ఇరవై ఏళ్లుగా కత్తెర పట్టిన వసంతకు అది తెలుసు. ఈ అంచుకు వంకరే లేదు. ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకటే పోగు వెంట సాగింది కోత.

అలా కోసేవాళ్లు వేరే. గుడ్డలోంచి అడ్డంగా ఒక్క పేక పోగు పట్టి, తెగకుండా మెల్లగా బయటికి లాగేస్తారు. పోగు పోయిన చోట వెంట్రుకంత సందు గీతలా కనిపిస్తుంది. ఆ సందులో కత్తెర నడిపిస్తారు. నేసినవాడికి గుడ్డను అడ్డదిడ్డంగా కోయడానికి మనసొప్పదు. దొంగతనంలో కూడా.

ఆ సోమవారం నాటి తండ్రి తడిబట్టలు గుర్తొచ్చి వసంత కత్తెర పక్కన పెట్టింది. ఫోను తీసింది. 'మిషన్ మెకానిక్'కు తాను చేసిన కాల్స్ వరుసగా ఉన్నాయి, నలభైకి పైగా. అన్నీ అందనివే. వేలితో కిందికి జరుపుతూ పోయింది. వాటన్నింటి కింద, తొమ్మిది రోజుల కిందటి సోమవారం, పొద్దున ఏడుగంటల నలభై నిమిషాలకు, అటునుంచి వచ్చిన ఫోను ఒకటి. ఎవరో ఎత్తారు. రెండు నిమిషాలు మాట్లాడారు.

ఆ వేళకు తాను ఫోను మిషన్ మీద వదిలి, కుట్టిన బట్టలు ఇచ్చిరావడానికి రెండు వీధుల అవతలికి వెళ్లింది. భర్త అప్పటికే పనికి పోయాడు. ఇంట్లో ఉన్నది ఒక్కరే.

పరమేశ్వర్ అరుగు మీద గోడకానుకుని కూర్చున్నాడు. ఎండ మోకాళ్ల దాకా వచ్చినా జరగలేదు. వసంత మిగిలిన ఎర్ర గుడ్డ తెచ్చి, కోసిన అంచు ఆయన చేతిలో పెట్టింది.

"లాగిన పోగు యాడ వెట్టినవ్ నాయినా?"

ముసలాయన వేళ్లు అంచు పొడవునా ఒకసారి నడిచి ఆగిపోయాయి. ఆ తర్వాత అంగీ జేబులోకి పోయి, ఉంగరంలా చుట్టిన ఎర్ర పోగును బయటికి తీశాయి. నూలు పారెయ్యడం ఆయనకు ఎన్నడూ చేతకాలేదు.

"ఫోన్ల ఎవరు నాయినా? ఏమైంది దానికి?"

వసంత అరుగు అంచున కూర్చుంది. అప్పుడు మాట్లాడాడు పరమేశ్వర్. ఆమె వైపు చూడలేదు. పోగు వైపే చూస్తూ మాట్లాడాడు.

"మిషనాయన అనుకోని ఎత్తిన బిడ్డా. 'మామా, నేను నాగేందర్ని' అన్నడు. డెంగీ జరమంట. నాలుగొద్దులకే తెల్లారంగ పాణం పోయిందన్నడు. 'పుట్టింటి బట్ట కప్పకుంట ఎట్ల సాగనంపాలె మామా, వదినెనన్న పంపు' అని ఏడ్సిండు. నీకు ఈ ఇంట్ల ఎవ్వరు లేరు పొమ్మన్న. ఫోన్ పెట్టేసిన.

"పెట్టేసినంక కూసోలేకపోయిన. నువ్వొచ్చే లోపల పెట్టె తీసి, పోగు లాగి, కోసిన. మూడు గజాలు ఎందుకు నేసిన్నో నీకెప్పుడన్న జెప్పిన్నా? ఇద్దరు బిడ్డలకని నేసిన. దాని వంతు దానికియ్యనీకి నాకు చెయ్యి రాలే. అది సచ్చినంక చెయ్యొచ్చింది. నీతోని కండ్లకని అబద్ధం జెప్పి బస్సెక్కిన.

"నేను పోయేటాలకు పాడె కట్టిండ్రు. గుడ్డ నేనే కప్పిన. 'వదినె రాలేదా' అని నాగేందర్ అడిగిండు. ఏం జెప్పాలె? నీకు జెప్పకుంట వచ్చిన్నని ఎట్ల జెప్పాలె? చెప్పిన గని రానన్నది అన్న. నా మొఖం దాసుకోనీకి నీ మొఖానికి మసి పూసిన. గందుకే మల్ల వాళ్లు నీకు ఫోన్ జెయ్యలే. పొద్దున లేస్తె అనుకుంట, ఇయ్యాల జెప్తనని. నువ్వు ఫోన్ చెవికి వెట్టుకోని నిలవడుతవు. నేను బయటికొచ్చి ఈడ కూసుంట. తొమ్మిదొద్దులు గిట్లనే ఎల్లదీసిన.

"ఆడ పిల్ల నా పక్కకొచ్చి నిలవడ్డది. 'ఎవరు తాతా నువ్వు' అన్నది. బట్టలమ్మెటోన్ని బిడ్డా అన్న. నీ పేరేంది అన్న. రాజమణి అన్నది. మీ అమ్మ పేరు ఏడేండ్ల సంది ఆ ఊర్ల తిరుగుతాంది, నాకే ఎర్క లేదు.

"రేపు పదకొండో దినం. నువ్వు పో. నన్ను తిట్టుకుంట పో, మా నాయిన అబద్ధమాడిండని నలుగుర్ల జెప్పు, గని పో. పిల్లకు గౌను గూడ తీస్కపో. ఇగో, ఆ కాగితం కొలతకు మాత్రం కుట్టకు. పిల్ల మీ అమ్మ తీరుగ పొడుగున్నది. కాగితంకంటె జానెడు ఎక్కువనే ఉంటది... ఏందట్ల జూస్తున్నవు? కోసేసినవా? నేను తీస్కపోయిన ముక్కుంటె సరిపోతుండె బిడ్డా. నేను తీస్కపోయిన ముక్కుంటె సరిపోతుండె."